మిడ్‌వైఫ్ దగ్గర కాన్పు కావాలంటే: బర్త్ సెంటర్ ఎక్కడ వెతకాలి, ఏం అడగాలి, ఎప్పుడు వద్దనుకోవాలి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ లెక్క చూస్తే 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు, ప్రైవేటు హాస్పిటళ్ళ వరకే తీసుకుంటే 81.5 శాతం, అంటే ప్రైవేటుకి వెళ్ళిన ఐదుగురిలో నలుగురికి ఆపరేషనే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, అక్కడ ప్రైవేటులో 63. దేశం సగటు 21.5. ఇదే సర్వేలో ఇంకో లెక్క కూడా ఉంది, మన రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 96, 97 కాన్పులు హాస్పిటల్లోనే అవుతున్నాయి. కాబట్టి మనకి హాస్పిటల్ దొరక్క కాదు సమస్య. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ చేతికొచ్చేదాకా పది పన్నెండు గంటలు పక్కనే ఉండి, ఓపిగ్గా చూస్తూ, ఏది మామూలో ఏది ప్రమాదమో తెలిసిన మనిషి దొరకట్లేదు. ఆ పని నేర్చుకున్న మనిషి మిడ్‌వైఫ్, ఆమె చేతుల మీద నడిచే చోటు బర్త్ సెంటర్.

ఇప్పుడు మూడో నెలో నాలుగో నెలో నడుస్తున్న వాళ్ళ కోసం, వాళ్ళ భర్తల కోసం, ముఖ్యంగా కూతురి కాన్పు ఎక్కడ చేయించాలా అని ఇప్పటికే నలుగురిని అడుగుతున్న అమ్మల కోసం ఇది రాస్తున్నా. డాక్టర్లకి వ్యతిరేకంగా రాస్తున్నది కాదు, ఆపరేషన్ నిజంగా అవసరమైన చోట ఆపరేషనే తల్లినీ బిడ్డనీ కాపాడుతుంది, అందులో రెండో మాట లేదు.

మిడ్‌వైఫ్ ఏం చేస్తుంది, ఏం చెయ్యదు

మన దేశంలో ఇప్పుడున్న పద్ధతి ప్రకారం జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసి, లేబర్ రూమ్ అనుభవం ఉన్న నర్సుకి ఇంకో 18 నెలలు కాన్పుల మీదే ట్రైనింగ్ ఇస్తారు, ఆ కోర్సు పేరు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ. నెలనెలా చెకప్ చెయ్యడం, బిడ్డ గుండె వినడం, నార్మల్ డెలివరీ చెయ్యడం, అవసరమైతే కుట్లు వెయ్యడం, రక్తం ఎక్కువ పోతుంటే వెంటనే ఇంజెక్షన్ ఇచ్చి ఆపే ప్రయత్నం చెయ్యడం, పుట్టగానే ఏడవని బిడ్డకి బ్యాగ్ అండ్ మాస్క్‌తో ఊపిరి అందించడం, ఇవన్నీ ఆమె పనులే. ఆపరేషన్ చెయ్యదు. డాక్టర్‌ని ఎప్పుడు పిలవాలో తెలిసి ఉండటం కూడా ఆమె చదువులో భాగమే, నన్నడిగితే అదే అన్నిటికంటే పెద్ద భాగం.

డౌలాకీ మిడ్‌వైఫ్‌కీ తేడా తెలియక చాలామంది మోసపోతున్నారు కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నా. డౌలా పక్కన ఉండి ధైర్యం చెప్తుంది, నడుం రుద్దుతుంది, ఊపిరి తీసుకోవడం చూపిస్తుంది, అది చాలా మంచి సాయమే, కానీ ఆమె వైద్యం చెయ్యదు, చెయ్యకూడదు, బీపీ చూసి నిర్ణయం చెప్పే మనిషి కాదు. రెండు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చూపించి "నేనే కాన్పు చేస్తా" అనే వాళ్ళు ఎవరైనా తగిలితే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి.

బర్త్ సెంటర్లు రెండు రకాలు. ఒకటి పెద్ద హాస్పిటల్ లోపలే గానీ ఆవరణలో గానీ ఉండేది, మిడ్‌వైఫ్‌లే నడుపుతారు, ఏమైనా తేడా వస్తే పక్క బ్లాకులోనే ఆపరేషన్ థియేటర్. రెండోది విడిగా ఒక ఇంటిలాంటి చోట ఉండేది, అవసరమైతే అంబులెన్స్‌లో హాస్పిటల్‌కి తీసుకెళ్తారు. ఇంట్లో కాన్పు ఈ రెండూ కాదు, దాని గురించి నేనిక్కడ రాయట్లేదు.

మా చెల్లి రెండో కాన్పు ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో, మిడ్‌వైఫ్‌లు చూసే గదిలో అయింది, తోడుగా నేనే లోపల ఉన్నా. చెల్లికి మంచం మీద పడుకుంటే నడుం పట్టేస్తోంది, సరే అని సిస్టర్ కింద చాప వేసింది, చెల్లి మంచం కడ్డీ పట్టుకుని గొంతుక్కూర్చుంది. సిస్టర్ కూడా మోకాళ్ళ మీద కింద కూర్చుని, డాప్లర్ పొత్తికడుపుకి ఆనించి బిడ్డ గుండె వింటోంది, విన్న ప్రతిసారీ అంకె పైకే చెప్తోంది, "140 ఉంది నాన్నా, బిడ్డ బాగుంది" అని. మధ్యలో నా చెయ్యి పట్టుకుని చెల్లి నడుం కింద సరిగ్గా ఎక్కడ నొక్కాలో అక్కడ పెట్టి, "నొప్పి వచ్చినప్పుడు ఇక్కడ గట్టిగా, పోగానే వదిలెయ్యండి అక్కా" అంది. తల కనబడ్డాక వేడి నీళ్ళలో తడిపి పిండిన గుడ్డ కింద ఆనించి పట్టుకుంది, "ఇప్పుడు ముక్కకు, నోటితో ఊదు, ఊదు" అంటూ ఉంది. బిడ్డని నేరుగా చెల్లి గుండెల మీదే పడుకోబెట్టి పైన పొడి టవల్ కప్పారు, బొడ్డు తాడు కొట్టుకోవడం ఆగాకే కోశారు. ఒక్క కుట్టు పడలేదు. ఒక్కరు అరవలేదు.

ఇందులో ఎవరో కనిపెట్టిన కొత్త విద్య ఏమీ లేదు. డబ్ల్యూహెచ్‌ఓ 2018లో ఇచ్చిన సిఫార్సుల్లో ఇవే ఉన్నాయి: నొప్పుల్లో తల్లికి నచ్చిన మనిషి తోడుండాలి, నడవనివ్వాలి, ప్రమాదం లేని కాన్పు అయితే తాగనివ్వాలి తిననివ్వాలి, గర్భసంచి ముఖద్వారం గంటకి ఒక సెంటీమీటర్ తెరుచుకోలేదని తొందరపడి నొప్పుల ఇంజెక్షన్లు పెట్టకూడదు, అందరికీ మామూలుగా కింద కోత పెట్టకూడదు, బిడ్డ కోసం పైనుంచి కడుపు నొక్కకూడదు, ఎనిమా ఇవ్వడం షేవింగ్ చెయ్యడం రొటీన్‌గా వద్దు, తాడు కనీసం ఒక నిమిషం ఆగి కొయ్యాలి, మొదటి గంట బిడ్డ తల్లి ఒంటి మీదే ఉండాలి, ఆ గంటలోనే ముర్రుపాలు పట్టాలి. మన లేబర్ రూముల్లో ఇద్దరు నర్సులు పదిమందిని చూస్తుంటే ఇవి జరగడం కష్టం, అందుకే కాన్పుల కోసమే నేర్చుకున్న మనుషులూ వాళ్ళకంటూ ఒక చోటూ కావాలి అంటున్నా.

ఫలితాల విషయానికొస్తే, ఇంగ్లాండ్‌లో 64,000 మందికి పైగా తక్కువ రిస్కు ఉన్న తల్లుల మీద చేసిన పెద్ద స్టడీ 2011లో వచ్చింది, మిడ్‌వైఫ్ యూనిట్లలో ఆపరేషన్లు, ఇతర జోక్యాలు తక్కువ, బిడ్డల భద్రతలో హాస్పిటల్‌తో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. అమెరికాలో 79 బర్త్ సెంటర్లలో 15,574 మందిని చూసి 2013లో చెప్పింది ఏంటంటే వాళ్ళలో సిజేరియన్ అయింది 6 శాతానికే. ఈ అంకెలు మాత్రం ఏ ఇబ్బందీ లేని గర్భిణుల అంకెలు, మన 60 శాతం పక్కన పెట్టి నేరుగా పోల్చకూడదు, వీటిని చూపించి డాక్టర్‌తో గొడవ పెట్టుకోవద్దు.

ముందు మీకు సరిపోతుందో లేదో చూసుకోండి

కడుపులో ఒకే బిడ్డ, తల కిందకి ఉండాలి, 37 వారాలు నిండాలి, బీపీ మామూలుగా ఉండాలి, మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా ఉండకూడదు, ఇన్సులిన్ వాడేంత షుగర్ ఉండకూడదు, గుండె జబ్బు, ఫిట్స్ లాంటివి ఉండకూడదు. కవలలైనా, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నా, మొదటి కాన్పులో రక్తం బాగా పోయి ఎక్కించాల్సి వచ్చినా విడిగా ఉండే బర్త్ సెంటర్ మీకు కాదు. మొదటిది ఆపరేషన్ అయ్యి రెండోది నార్మల్ ప్రయత్నించాలనుకునే వాళ్ళు థియేటర్, రక్తం, డాక్టర్ మూడూ 24 గంటలూ ఉండే హాస్పిటల్లోనే ప్రయత్నించాలి, అక్కడ మిడ్‌వైఫ్ కూడా ఉంటే మంచిదే.

మన ఆడవాళ్ళ విషయంలో అసలు అడ్డంకి రక్తహీనత. సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైనే రక్తం తక్కువగా ఉన్నవాళ్ళు. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క, 7 కంటే తగ్గితే అది తీవ్రం. ఒంట్లో రక్తం తక్కువగా ఉన్న మనిషి కాన్పులో కాస్త పోయినా తట్టుకోలేదు, అందుకే బర్త్ సెంటర్ వాళ్ళు ఏడో నెల్లో రిపోర్టు చూసి మిమ్మల్ని వద్దంటే కోపం తెచ్చుకోకండి, అలా వద్దనే చోటే మంచి చోటు. నాలుగో నెల నుంచే ఐరన్ మాత్రలు ఎగ్గొట్టకుండా వేసుకోండి, టీ కాఫీలతో కలిపి వేసుకోవద్దు, పడకపోతే చెప్పి వేరేది రాయించుకోండి.

ఒక్కసారి చూసుకుని సరే అనుకుంటే సరిపోదు, ప్రతి చెకప్‌లో మళ్ళీ చూడాలి, 36వ వారంలో బీపీ పెరిగితే అప్పటిదాకా వేసుకున్న ప్లాన్ పక్కన పెట్టి హాస్పిటల్‌కి మారాల్సిందే.

ఎక్కడ దొరుకుతుంది

చాలామందికి తెలియని సంగతి ఇదే: మిడ్‌వైఫ్ కాన్పు డబ్బున్న వాళ్ళ వ్యవహారం కాదు, మన దగ్గర అది కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ హాస్పిటల్ కలిసి 30 మంది ప్రభుత్వ నర్సులతో కరీంనగర్ నుంచి మొదటి బ్యాచ్ ట్రైనింగ్ మొదలుపెట్టారు. 2018 డిసెంబర్‌లో కేంద్రం దేశం మొత్తానికి మిడ్‌వైఫరీ గైడ్‌లైన్స్ తెచ్చింది, కాన్పులు ఎక్కువగా అయ్యే పెద్ద ఆసుపత్రుల్లో మిడ్‌వైఫ్‌లు నడిపే యూనిట్లు పెట్టాలని అందులో ఉంది, వెనక గైనకాలజిస్ట్, థియేటర్ ఉన్న చోటే పెట్టాలని కూడా ఉంది. ఆ తర్వాత తెలంగాణలో ట్రైనింగ్ అయిన వాళ్ళని జిల్లా ఆసుపత్రులకీ, మాతా శిశు కేంద్రాలకీ, ఏరియా హాస్పిటళ్ళకీ పంపారు.

మరి మీ జిల్లాలో ఎక్కడున్నారో ఎలా తెలుస్తుంది అంటే, ఆశా వర్కర్‌నో ఏఎన్ఎమ్‌నో "మిడ్‌వైఫ్‌లు కాన్పు చేసే ఆసుపత్రి ఏది" అని నేరుగా అడగండి, వాళ్ళకి తెలియకపోతే ఎంసీహెచ్‌కి, అంటే మాతా శిశు కేంద్రానికి, స్వయంగా వెళ్ళి లేబర్ రూమ్ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడగండి. ఓపీ చీటీ రాసే కౌంటర్లో అడిగితే "అలాంటివి లేవమ్మా" అంటారు చాలాసార్లు, అక్కడితో వెనక్కి రాకండి. ఒకవేళ ఉన్నారంటే ఎన్ని షిఫ్టులు ఉంటారో అడగండి, కొన్ని చోట్ల పగలు ఒక్కరే ఉంటారు, నొప్పులు ఎక్కువగా వచ్చేదేమో రాత్రి.

ప్రైవేటులో అయితే హైదరాబాద్‌లో ఫెర్నాండెజ్ వాళ్ళు 2011 నుంచే మిడ్‌వైఫ్‌లకి శిక్షణ ఇస్తున్నారు, బంజారాహిల్స్‌లో స్టార్క్ హోమ్ అని వాళ్ళ బర్త్ సెంటర్ ఉంది. సాంక్టమ్ అని ఇంకో నేచురల్ బర్త్ సెంటర్ కూడా సిటీలోనే ఉంది. హైదరాబాద్ దాటితే ఇలాంటివి చాలా తక్కువ, వరంగల్‌లోనో గుంటూరులోనో ఎవరైనా "బర్త్ సెంటర్" అని బోర్డు పెడితే కింద రాసిన ప్రశ్నలు ఇంకా గట్టిగా అడగాలి.

పుట్టిల్లు ఎక్కడ, కాన్పు ఎక్కడ

మన దగ్గర దీన్ని ముందే తేల్చుకోకపోతే మొత్తం ప్లాన్ పోతుంది. ఆరు నెలలు హైదరాబాద్‌లో ఒక డాక్టర్ దగ్గర చూపించుకుని, సీమంతం అయ్యాక మొదటి కాన్పు కదా అని పుట్టింటికి వెళ్ళి, ఎనిమిదో నెల్లో అక్కడ ఎవరో తెలియని హాస్పిటల్లో ఫైల్ తీసుకుని కూర్చుంటాం. మిడ్‌వైఫ్ కేర్ అంటేనే ఆమెకి మీరు తెలియాలి, మీకు ఆమె తెలియాలి, మీ భయాలు తెలియాలి, అది చివరి నెల్లో కుదరదు. అందుకని 20 వారాల స్కానింగ్ అయ్యేసరికి కాన్పు ఏ ఊళ్ళో అనేది రెండు ఇళ్ళ వాళ్ళూ కూర్చుని తేల్చుకోండి. బర్త్ సెంటర్ మీరుండే సిటీలో ఉంటే అమ్మనే అక్కడికి రమ్మనండి, చాలా ఇళ్ళల్లో ఇప్పుడు అలాగే చేస్తున్నారు, బాలింతని నెల తిరిగాక పుట్టింటికి తీసుకెళ్ళినా ఏ ఆచారమూ తప్పదు.

వెళ్ళి చూసినప్పుడు అడగాల్సినవి

ఫోన్లో కాదు, మనిషి వెళ్ళాలి, భర్తో అమ్మో తోడు వెళ్ళాలి. మొదటి ప్రశ్న గది గురించి కాదు, టబ్ గురించి కాదు. "రాత్రి రెండింటికి బిడ్డ గుండె తగ్గిందనుకోండి, అప్పుడు నన్ను ఏ హాస్పిటల్‌కి తీసుకెళ్తారు, ఏ బండిలో, ఎవరు తోడొస్తారు, అక్కడ థియేటర్ తెరిచి ఉంటుందా, ఆ డాక్టర్‌కి నా ఫైల్ ముందే తెలుసా?" ఇది అడిగి ఊరుకోండి, వాళ్ళని చెప్పనివ్వండి. హాస్పిటల్ పేరు, దూరం, అంబులెన్స్ ఎక్కడ నిలబడి ఉంటుంది అనేవి తడుముకోకుండా చెప్పగలిగితే వాళ్ళు దాని గురించి ఆలోచించారు అని అర్థం. "మా దగ్గర అలాంటివి ఎప్పుడూ జరగలేదండీ" అంటే ఆ చోటు వద్దు. మీరే ఒకసారి ఆ దారిలో సాయంత్రం ఆరున్నరకి బండి మీద వెళ్ళి చూడండి, హైదరాబాద్‌లో నాలుగు కిలోమీటర్లకి ఎంతసేపు పడుతుందో మీకు తెలిసిందే, ఆపరేషన్ చెయ్యాలి అనుకున్నాక బిడ్డని తియ్యడానికి హాస్పిటళ్ళు పెట్టుకునే లెక్క 30 నిమిషాలు.

తర్వాత అంకెలు అడగండి. పోయిన సంవత్సరం ఎన్ని కాన్పులు, అందులో ఎంతమందిని మధ్యలో హాస్పిటల్‌కి పంపారు, ఎంతమందికి ఆపరేషన్ అయింది, ఎంతమందికి కుట్లు పడ్డాయి. పంపిన వాళ్ళ సంఖ్య సున్నా అంటే నమ్మొద్దు. ఇంగ్లాండ్‌లో అంత పకడ్బందీగా నడిచే యూనిట్ల నుంచే మొదటి కాన్పు వాళ్ళలో 36 నుంచి 40 శాతం మందిని హాస్పిటల్ యూనిట్‌కి మార్చారు, రెండో కాన్పు, ఆ పై వాళ్ళలో 9 నుంచి 13 శాతం. అందులో ఎక్కువ ఎమర్జెన్సీలు కావు, నొప్పులు నెమ్మదించడం లాంటివి. కాబట్టి మొదటిసారి అయితే మారే అవకాశం గట్టిగానే ఉందని ముందే మనసులో పెట్టుకోండి, అలా మారితే మీరు ఓడిపోయినట్టు కాదు, మిడ్‌వైఫ్ తన పని సరిగ్గా చేసినట్టు.

మిడ్‌వైఫ్ చదువు, రిజిస్ట్రేషన్ అడగండి, నర్సింగ్ కౌన్సిల్ నంబర్ చూపించమనండి, మొహమాటపడకండి, నిజమైన వాళ్ళు సంతోషంగా చూపిస్తారు. సెంటర్‌కి డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. గదిలో ఆక్సిజన్ సిలిండర్, బిడ్డకి సరిపోయే సైజు మాస్క్, ఫ్రిజ్‌లో ఆక్సిటోసిన్ ఇంజెక్షన్, రక్తం పోకుండా ఆపే మిగతా మందులు ఉన్నాయా అని అడిగి కళ్ళతో చూడండి. బిడ్డ గుండె ఎంతసేపటికోసారి వింటారో అడగండి, నొప్పులు బాగా వస్తున్నప్పుడు 15 నుంచి 30 నిమిషాలకోసారి, ముక్కే దశలో 5 నిమిషాలకోసారి అని చెప్పాలి. నొప్పి తట్టుకోలేకపోతే ఏముంది అని కూడా అడగండి, వేడి నీళ్ళ స్నానం, బాల్, మసాజ్ ఉంటాయి కానీ వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ విడిగా ఉండే బర్త్ సెంటర్లో ఉండదు, అది కావాలనుకునే వాళ్ళు హాస్పిటల్ లోపలి యూనిట్ చూసుకోవాలి, కావాలనుకోవడంలో తప్పేమీ లేదు.

ఇన్సూరెన్స్ సంగతి వేరే చెప్పాలి. పాలసీల్లో హాస్పిటల్ అంటే ఏంటో రాసి ఉంటుంది, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ అయినా ఉండాలి, లేదంటే 10 లక్షల జనాభా దాటిన సిటీలో కనీసం 15 బెడ్లు, చిన్న ఊళ్ళల్లో 10 బెడ్లు, 24 గంటల డాక్టర్, థియేటర్ ఉండాలి. నాలుగు గదుల బర్త్ సెంటర్ రిజిస్ట్రేషన్ లేకుండా నడుస్తుంటే క్లెయిమ్ తిరగ్గొట్టే అవకాశం ఉంది. మెటర్నిటీ కవర్‌కి వెయిటింగ్ పీరియడ్ కూడా ఉంటుంది. హాస్పిటల్‌కి మార్చాల్సి వస్తే బర్త్ సెంటర్‌కి కట్టిన డబ్బులో ఎంత వెనక్కి ఇస్తారు అనేది కాగితం మీద రాయించుకోండి, లేకపోతే రెండు బిల్లులు కట్టాల్సొస్తుంది.

ఇంట్లో వాళ్ళతో మాట్లాడటం

ముహూర్తం విషయం దాచి లాభం లేదు. ఫలానా నక్షత్రం, ఫలానా టైమ్ లోపల బిడ్డ పుట్టాలి అని పెద్దవాళ్ళు పట్టుబడితే మిడ్‌వైఫ్ కాన్పు కుదరదు, ఎందుకంటే అక్కడ బిడ్డ తను వచ్చినప్పుడే వస్తుంది. వాళ్ళ నమ్మకాన్ని కించపరచకుండా, మీరు స్వయంగా ఒక చెకప్‌కి వాళ్ళని తీసుకెళ్ళి మిడ్‌వైఫ్‌తోనే మాట్లాడించండి. అత్తగారో అమ్మో ఆమె పక్కన అరగంట కూర్చుంటే సగం భయాలు పోతాయి, వాళ్ళలో చాలామంది ఇంట్లోనే కన్నవాళ్ళు, వాళ్ళకి ఈ పద్ధతి మనకంటే తొందరగా అర్థమవుతుంది.

"మెడకి తాడు చుట్టుకుంది" అని స్కానింగ్‌లో చెప్పగానే ఇంట్లో అందరూ ఆపరేషన్‌కి సిద్ధమైపోతారు. మెడకి తాడు ఉండటం చాలా మామూలు, పుట్టే బిడ్డల్లో సుమారు నాలుగోవంతు మందికి ఉంటుంది, అది ఒక్కటే ఆపరేషన్‌కి కారణం కాదు, నొప్పుల్లో బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోంది అనేది చూడాలి. ఇలాంటిది ఎవరు చెప్పినా "ఇప్పుడే చెయ్యకపోతే ఏమవుతుంది, రెండు రోజులు ఆగితే ఏం చూస్తారు" అని మర్యాదగా అడగండి. కానీ బీపీ పెరిగింది, ఉమ్మనీరు బాగా తగ్గి బిడ్డ ఎదుగుదల ఆగింది, బిడ్డ కదలడం తగ్గింది అన్నప్పుడు వాదనలొద్దు.

తోడు ఎవరుండాలో కూడా ఇప్పుడే తేల్చండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా లేబర్ రూములోకి ఒక ఆడ తోడుని రానివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది, ఇది మీరు బతిమాలుకోవాల్సిన విషయం కాదు. మీ దగ్గర కూర్చుని ఏడ్చే మనిషి వద్దు, నీళ్ళు అందించి నోరు మెదపకుండా నడుం పట్టే మనిషి కావాలి, అది అమ్మ కాకపోతే వదినైనా పిన్నైనా సరే.

ఆ రోజు

నొప్పులు ఐదు నిమిషాలకోసారి వస్తూ, ఒక్కోటి నిమిషం దాకా ఉంటూ, గంటసేపు అలాగే నడిస్తే ఫోన్ చేసి బయల్దేరండి, రెండో కాన్పు అయితే అంత ఆగకండి. అంతకు ముందు ఇంట్లోనే నడవండి, మజ్జిగో రాగి జావో ఏది తాగగలిగితే అది తాగండి, నిద్రొస్తే పడుకోండి. కానీ రక్తం కనిపించినా, ఉమ్మనీరు పచ్చగా వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా, తల పగిలిపోయేంత నొప్పి, కళ్ళు మసకలు, ఫిట్స్ వచ్చినా బర్త్ సెంటర్‌కి కాదు నేరుగా పెద్ద హాస్పిటల్‌కే, 108 కి ఫోన్ చేసి దారిలో మిడ్‌వైఫ్‌కి చెప్పండి. ఉమ్మనీరు తేటగా పోయి నొప్పులు ఇంకా రాకపోయినా ఫోన్ మాత్రం చెయ్యాలి. ఎంసీపీ కార్డు (మాతా శిశు రక్షణ కార్డు), అన్ని స్కానింగ్‌లు, బ్లడ్ గ్రూప్ కాగితం, ఆధార్ ఒకే కవర్లో పెట్టి తలుపు దగ్గరే ఉంచండి.

అమెరికా, యూకేలో ఉన్న మన వాళ్ళకి

యూకేలో ఇదంతా వెతుక్కోవాల్సిన పని లేదు, అక్కడ కాన్పు అంటే మొదట మిడ్‌వైఫే, జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి వెళ్ళకుండానే అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో మీరే రిఫర్ చేసుకోవచ్చు, 10 వారాల లోపు మొదటి అపాయింట్‌మెంట్ అయిపోవాలి. హాస్పిటల్ పక్కన ఉన్న మిడ్‌వైఫ్ యూనిట్ కావాలని ఆ అపాయింట్‌మెంట్లోనే చెప్పండి.

అమెరికాలో వ్యవహారం కొంచెం చిక్కు. సెంటర్‌కి బర్త్ సెంటర్ల అక్రెడిటేషన్ కమిషన్ గుర్తింపు ఉందో చూడండి, మిడ్‌వైఫ్ ఫీజు నెట్‌వర్క్‌లో ఉన్నా సెంటర్ ఫీజు ఉండకపోవచ్చు, ఇన్సూరెన్స్ వాళ్ళని రెండూ విడివిడిగా అడగండి. మెడికెయిడ్ (ఆదాయం తక్కువున్న వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) ఉన్న వాళ్ళకి 2010 చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్న బర్త్ సెంటర్లకి కవరేజ్ ఉంది. ఇంకోటి, అక్కడి బర్త్ సెంటర్ల నుంచి బిడ్డ పుట్టిన కొన్ని గంటలకే ఇంటికి పంపేస్తారు, రెండు రోజులు నర్సులు చూసుకునే హాస్పిటల్ లాంటిది కాదు. అమ్మ టికెట్ డ్యూ డేట్‌కి బుక్ చేశామంటే కుదరదు, 37 వారాలకే ఇంట్లో ఉండేలా చూసుకోండి, వీసా ఆలస్యం అయితే మొదటి మూడు రోజులకి వంటకీ బిడ్డని ఎత్తుకోవడానికీ ఒక స్నేహితురాలిని ముందే ఒప్పించుకోండి. పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా పుట్టకముందే తీసి పెట్టాలి.

దగ్గర్లో మిడ్‌వైఫ్ లేకపోతే

మన ఊళ్ళల్లో ఎక్కువమంది పరిస్థితి ఇదే. అప్పుడు ఉన్న హాస్పిటల్లోనే అడగగలిగినవి అడగండి: తోడు మనిషి, నొప్పుల్లో నడవనివ్వడం, పక్కకి తిరిగి గానీ కూర్చుని గానీ కనే వీలు, అవసరం లేకుండా కోత పెట్టకపోవడం, తాడు ఆగి కొయ్యడం, బిడ్డని ఒంటి మీద పడుకోబెట్టడం. ఈ ఆరూ ఒక కాగితం మీద తెలుగులో రాసి ఎనిమిదో నెల చెకప్‌లో డాక్టర్ మేడమ్‌కి ఇచ్చి, "వీటిలో మీ దగ్గర ఏవి కుదురుతాయి మేడమ్" అని అడగండి, గొడవలా కాకుండా మామూలుగా. నాలుగు కుదిరినా చాలా మేలు. ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే కాన్పు, మందులు, రక్తం, తిండి, రానూపోనూ బండి అన్నీ ఉచితం, 2011 నుంచి ఆ పథకం ఉంది, 102 కి ఫోన్ చేస్తే బండి వస్తుంది.

ఇంకోటి కూడా చెయ్యొచ్చు. మిడ్‌వైఫ్‌లని పంపేది కాన్పులు ఎక్కువయ్యే ఆసుపత్రులకే కాబట్టి, మీ ఏరియా హాస్పిటల్లో నెలకి ఎన్ని కాన్పులు అవుతున్నాయో సూపరింటెండెంట్‌ని అడిగి తెలుసుకోండి, నలుగురైదుగురు కలిసి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కి అర్జీ ఇవ్వండి. అర్జీలో మూడు విషయాలు రాయండి: నెలకి ఇన్ని కాన్పులు అవుతున్నాయి, లేబర్ రూములో రాత్రి షిఫ్టుకి ఇంతమందే నర్సులు ఉన్నారు, 2018 గైడ్‌లైన్స్ ప్రకారం ఇక్కడ మిడ్‌వైఫ్‌ల యూనిట్ పెట్టి 24 గంటలూ నడిచేలా మనుషుల్ని ఇవ్వండి. రసీదు తీసుకుని, దాని కాపీ డీఎంహెచ్‌ఓ ఆఫీసులో కూడా ఇవ్వండి.